మాగ్నెట్ నీళ్లతో కలిపిన డ్రై సిరప్ ఎక్కువ రోజులు ఉంటుందా?

తెనాలి కోడలు:
బాబుకి చెవిపోటని డాక్టరుగారు అమాక్సిసిలిన్-క్లావులనేట్ డ్రై సిరప్ రాశారు. మామయ్యగారు మోకాళ్ల నొప్పులకని ఈమధ్యే మాగ్నెట్ జగ్గు కొన్నారు. మందు కూడా ఆ నీళ్లతోనే కలిపారు. ఇలా కలిపితే పదిహేను రోజులైనా చెడదు, ఫ్రిజ్ అక్కర్లేదు అన్నాడట అమ్మినతను. మూడు రోజులుగా సీసా వంటింటి అలమారలోనే ఉంది. పొద్దున చూస్తే పసుపు రంగు తిరిగింది. పారబోద్దామంటే ఆయనకి కోపం. నాకు టెన్షన్‌గా ఉంది.

మందుల షాపు, 19 ఏళ్లుగా:
అమ్మా, ఆ సీసా ఇక వాడకండి. ఇవాళే డాక్టరుగారికి చెప్పి కొత్తది తీసుకోండి, కోర్సు మధ్యలో ఆగకూడదు.

దాన్ని పొడిగా అమ్మేదే నీళ్లు పడవు కనుక. తడి తగిలిన దగ్గర్నుంచి అందులోని బీటా-లాక్టమ్ వలయం (మందు పనిచేయడానికి కీలకమైన, అణువులోని చిన్న ఉంగరం లాంటి భాగం) విడిపోతూ ఉంటుంది. క్లావులనేట్ మరీ సున్నితం, అమాక్సిసిలిన్ కంటే ముందే పోతుంది. అందుకే 2–8 డిగ్రీల్లో పెట్టి 7 రోజుల్లో వాడమంటారు. మన ఎండల్లో వంటింటి అలమార సంగతి చెప్పాలా?

ఇక మాగ్నెట్. నీటి అణువుల మధ్య బంధాలు సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కన తెగి, మళ్లీ కలుస్తుంటాయి. అయస్కాంతం ఏదో అమరిక తెచ్చిందనుకున్నా, జగ్గు వంచేలోపే చెరిగిపోతుంది. మందుని చెడగొట్టేవి వేడి, పీహెచ్ (నీటి పులుపు-క్షార గుణం), నీటిలో కలిసిన లోహాలు. రాగి అయితే ఇలాంటి పెన్సిలిన్ జాతి మందుల్ని ఇంకా త్వరగా విరగ్గొడుతుంది. రాగి చెంబు నీళ్లు ఆరోగ్యమని వాటితో కలిపేవాళ్లనీ చూశాను!

కాచి చల్లార్చిన నీళ్లు గీతకి కాస్త తక్కువగా పోసి బాగా కుదపండి. నురగ తగ్గాక గీత దాకా నింపండి. కలిపిన తేదీ సీసా మీద రాయండి.

కెమిస్ట్రీ మాస్టారు:
పైపుల్లో సున్నం పట్టకుండా మాగ్నెట్లు పెట్టడం పాత సంగతే, దాని మీదే ఇంకా వాదనలున్నాయి. మందు నిలవ ఉండటం వేరే విషయం. మామయ్యగారికి నమ్మకం కుదరకపోతే కాలేజీ ల్యాబ్‌కి రమ్మనండి. ఒకే వేడిలో ఉంచిన మామూలు నీళ్లు, జగ్గు నీళ్లు, రెండింట్లోనూ ఆస్పిరిన్ కలుపుదాం. విరిగి సాలిసిలిక్ ఆమ్లం అయిన కొద్దీ ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కకి ఊదా రంగు ముదురుతుంది. ఏది ముందు ముదురుతుందో ఆయనే చూస్తారు.

తెనాలి కోడలు:
కొత్త సీసా వచ్చింది, ఫ్రిజ్‌లో పెట్టాను. ల్యాబ్‌కి రానన్నారు. జగ్గు మాత్రం ఆయన మంచం పక్కకి మారింది.