ఇకాలుయిట్‌లో ఊరి వార్తలు మీకెలా తెలుస్తున్నాయి?

ప్రశ్న: కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్‌కి, దాని రాజధాని ఇకాలుయిట్‌కి వచ్చి మూడు నెలలైంది. నిన్న మంచు తుఫానని ఆఫీసులు మూసేశారట. తెలియక బూట్లు బిగించుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చాను, కనురెప్పలకి మంచు పట్టేసింది. ఫోన్ నిండా హైదరాబాద్ ట్రాఫిక్ గొడవే, ఈ ఊరి ముక్క ఒక్కటీ లేదు!

జవాబు: 2023 ఆగస్టు నుంచి కెనడాలో మెటా తన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తల లింకులు ఆపేసిందిగా. అదే నెల కార్చిచ్చుకి ఉత్తర కెనడాలోనే ఉన్న ఎల్లోనైఫ్ ఊరిని ఖాళీ చేయించినప్పుడు మేం వార్తల స్క్రీన్‌షాట్లే పంపుకున్నాం. ముందు ఒక రేడియో కొనండి. కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ ఉత్తరాది విభాగం సీబీసీ నార్త్ పెట్టండి.

జవాబు: ఇక్కడి వార్తాపత్రిక నునాట్సియాక్ న్యూస్ సైట్‌కి నేరుగా వెళ్లండి. ఫీడ్‌లో వస్తుందని కూర్చోకండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. పక్కింటి పెద్దావిడ పాత రేడియో ఇచ్చారు. పొద్దున అందులో ఇక్కడి ఇన్యూట్ల భాష ఇనుక్టిటుట్‌లో ఏదో చెప్పారు, నాకు ఊరి పేరొక్కటే అర్థమైంది.