పార్కులో పాడే పిట్టల ఇలాకాలు: పెద్ద నల్లంచి జతలు ఎన్నో తేల్చేదెలా?

పాలకొండల_పిట్ట:
కడప టౌనులో సుమారు 6 ఎకరాల పార్కు. వేప, కానుగ చెట్లు, మధ్యలో లాన్, చుట్టూ ప్రహరీ. చూసిన పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైటులో చెక్‌లిస్టులు పెడుతున్నా. పాడే మగ పెద్ద నల్లంచులు ఒక పొద్దున రెండుంటాయి, ఇంకో పొద్దున ఐదు. నిజంగా ఇలాకా కట్టుకున్న జతలు ఎన్నో ఎలా తేల్చాలి? ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎన్నిసార్లు తిరగాలి?

హంద్రీ_గట్టు:
చెక్‌లిస్టులో ఎన్ని పిట్టలో ఉంటుంది గానీ ఏ పిట్ట ఏ చెట్టు మీదో ఉండదు. మీకు కావాల్సింది మ్యాపు. శాటిలైట్ చిత్రం మీద పార్కు గీసి 1:1000 స్కేలులో ప్రింట్ తీయండి. 1 సెంటీమీటరుకు 10 మీటర్లు, 6 ఎకరాలు ఏ4 కాగితంలో పట్టేస్తాయి. లైటు స్తంభాలు, బెంచీలు, పెద్ద చెట్లకు నంబర్లు వేసుకోండి. చెట్ల కింద ఫోను జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, స్తంభం నంబరు తప్పదు.

ఫిబ్రవరి మధ్య నుంచి మే దాకా, పది రోజులకోసారి చొప్పున 10 సార్లు తిరగండి. పొద్దు పొడవకముందే పార్కులో ఉండాలి. కడపలో ఫిబ్రవరి మధ్యలో సూర్యోదయం 6:40 ప్రాంతంలో, మే మధ్యలో 5:45 ప్రాంతంలో. ఏ మూలకైనా 25 మీటర్ల లోపు వెళ్లేలా దారి వేసుకుని గంటలో ముగించండి. మొదలుపెట్టే గేటు ప్రతిసారీ మార్చాలి. లేకపోతే చివరి మూల ఎప్పుడూ ఎండెక్కాకే వస్తుంది, అక్కడ పిట్టలు లేవనిపిస్తుంది.

ప్రతిసారీ కొత్త షీటు. జాతికో అక్షరం పెట్టుకుని, పిట్ట ఉన్న చోట అది రాయండి. పాడే పిట్టకు ఆ అక్షరం చుట్టూ సున్నా, హెచ్చరిక కూతకు కింద గీత, గూడుకు నక్షత్రం గుర్తు (*). అదే పిట్ట కదిలితే నిండు గీత. రెండు వేర్వేరు పిట్టలు ఒకేసారి పాడితే మధ్యన చుక్కల గీత. ఈ చుక్కల గీతే మీ లెక్కకు ప్రాణం. వేప కొస మీద ఒకటి పాడి ఆపగానే స్తంభం మీద రెండోది అందుకుంటుంది చూడండి, అక్కడ నిలబడి రెండూ వినబడేదాకా ఆగండి. ఆ రెండు చోట్ల మధ్య హద్దు ఉన్నట్టే. అది లేకుండా ఎన్ని గుర్తులు పెట్టినా ఒక్క పిట్ట తిరిగిందో, రెండున్నాయో తేలదు. మీకు రెండూ ఐదూ వస్తున్నది అందుకే.

చివరికి జాతికో మ్యాపు తీసుకుని, మొదటి రోజుకు క, రెండో రోజుకు ఖ అంటూ అన్ని షీట్ల గుర్తులూ ఎక్కించండి. కనీసం 3 వేర్వేరు రోజుల గుర్తులు ఒకచోట గుమిగూడితేనే ఇలాకా. నిండు గీత ఉంటే తప్ప ఒకే రోజు గుర్తులు రెండు ఒక గుంపులో పడకూడదు.

పెన్న_ఇసుక:
పైదానికి ఒక చేర్పు. పెద్ద నల్లంచి ఆడపిట్ట కూడా అప్పుడప్పుడు పాడుతుంది. వీపు బూడిద రంగులో ఉంటే ఆడది, నిగనిగలాడే నలుపైతే మగది. కంటితో చూడకుండా మగ అని రాయొద్దు. ఇది ఇతర పిట్టల కూతలు అనుకరిస్తుంది కూడా, కాబట్టి కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ చెప్పిందే రాసేయకండి.

దర్జీపిట్ట చిన్నదే గానీ గొంతు పెద్దది, పొదలో ఎక్కడుందో మోసపోతాం. రెండు చోట్ల నిలబడి శబ్దం వచ్చే దిక్కు గీయండి, గీతలు కలిసే చోటే పిట్ట.

పిగిలిపిట్టలకు, గోరింకలకు ఈ పద్ధతి సరిగా పనికిరాదు. తేనెపిట్టలు పూలున్న చోటికల్లా పోతాయి, జాగ్రత్త. గుంపుగా తిరిగే బ్యాబ్లర్ పిట్టలను జతలుగా కాదు, గుంపులుగా లెక్కేయాలి.

పాలకొండల_పిట్ట:
ధన్యవాదాలు అన్నా. ఫోనులో పాట ప్లే చేసి పిలిస్తే త్వరగా తేలదా? ప్రహరీ అవతల వీధి చెట్ల మీద కూడా పాడుతున్నాయి, వాటినేం చేయాలి?

హంద్రీ_గట్టు:
ప్లే చేయొద్దు. మగపిట్ట పోట్లాటకని తన చోటు వదిలి మీ దగ్గరికొస్తుంది. మ్యాపు మీద తప్పు చోట పడుతుంది, పైగా గూడు కట్టే కాలంలో దాన్ని అనవసరంగా అలసగొట్టినట్టు.

ప్రహరీ బయట 50 మీటర్ల దాకా వినబడినవి కూడా గుర్తించండి. గుంపులో సగానికి మించి గుర్తులు లోపల పడితే పార్కు లెక్క, లేకపోతే వదిలేయండి. ఏ నియమం పెట్టుకున్నారో షీటు మీదే రాసి వచ్చే ఏడాదీ అదే పాటించండి. తేదీ, మొదలుపెట్టిన టైము, గాలి రాయండి. మైకు మోగిన పొద్దునైతే అదీ రాసి, ఆ వారంలోనే మళ్లీ తిరగండి.