‘కాలాతీత వ్యక్తులు’ చదివినవాళ్లు చెప్పండి, ఇందిర స్వార్థపరురాలేనా?

అటకమీది పుస్తకం:
రెండు నెలల్లో మూడు నవలలు చదివాను. మొదటిది ‘కొండపొలం’. కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కిన కాపరుల వెంట సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డిగారు మనల్ని కూడా నడిపిస్తారు. కడప మాట అలవాటయ్యేదాకా కొంచెం కష్టపడ్డాను, పైకి చదువుకోవడం మొదలుపెట్టాక దారిలో పడింది, పులి భయం ఉన్న పేజీలైతే రాత్రిపూట ఆపలేకపోయాను. తర్వాత బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’. దయానిధి తనని తాను తవ్వుకునే తీరు గొప్పగా ఉంది కానీ, చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా అతని ఆలోచనల కోసమే వచ్చి పోతున్నారేమో అనిపించి సగంలో విసుగొచ్చింది.

మూడోది డా. పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’. మా పెద్దమ్మావాళ్ల అటక సర్దుతుంటే దొరికింది. అట్ట లేదు, అంచులు పురుగు కొట్టాయి, లోపల అక్కడక్కడా పెన్సిల్ గీతలు. అన్నీ ఇందిర మాటల కిందే, కల్యాణి మాటల కింద ఒక్క గీత కూడా లేదు. ఇందిర ఉద్యోగం చేసి బాధ్యత లేని తండ్రిని పోషిస్తుంది, తనకేం కావాలో దాచుకోదు, ఏడుస్తూ కూర్చోదు. బాగుందని పెద్దమ్మతో అంటే, ‘ఆ పిల్ల ఒట్టి స్వార్థపరురాలు’ అని తేల్చేసింది. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

విశాఖవాసి:
మీ పెద్దమ్మగారి మాటలో కొంత నిజం ఉందండీ. ఇందిర కల్యాణిని ఎంత చిన్నచూపు చూస్తుందో ఒకసారి మళ్లీ చదవండి. కష్టం వచ్చిన ఆడపిల్ల ఎదురుగా ఉంటే జాలిపడటానికి బదులు చిరాకు పడుతుంది. నాకు మాత్రం కల్యాణే ఇష్టం, ఎందుకంటే నోరు లేనట్టు కనబడుతూనే తన కాళ్లమీద తను నిలబడుతుంది. అయితే ఈ నవలలో అసలు తప్పు పట్టాల్సింది ప్రకాశాన్ని. మెడిసిన్ చదువుతూ, ఇద్దరమ్మాయిల మధ్య ఊగిసలాడి, ఇంట్లోవాళ్లు గట్టిగా అడిగితే నోరు పెగలని మనిషి. అతన్ని ఎవరూ స్వార్థపరుడు అనరు, చూశారా? మెతకవాడు, మంచివాడు అంటారు. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా మొదలైనప్పుడు రచయిత్రికి ముప్ఫై ఏళ్లు కూడా లేవు. తను డాక్టరు. 1961లోనే పోయారు. ఇంకో పదేళ్లు బతికి రాసుంటే ఎలా ఉండేదో అని నాకు ఎప్పుడూ దిగులే.

సినిమా చూసి వచ్చినవాణ్ణి:
నేను ముందు ‘చదువుకున్న అమ్మాయిలు’ చూశాను, 1963 సినిమా. దీన్ని ఆధారం చేసుకునే తీశారని తెలిసి నవల పట్టుకున్నాను. సినిమా సరదాగా ఉంటుంది, పాటలు బాగుంటాయి, కానీ నవల్లో ఉన్న ఇందిర అందులో లేదు. నవల్లో ఇందిర కృష్ణమూర్తిని పెళ్లి చేసుకోవడం నాకు మొదట సర్దుబాటు లాగా తోచింది. రెండోసారి చదివినప్పుడు అర్థమైంది, కృష్ణమూర్తి ఎలాంటివాడో తెలిసే చేసుకుంది. ప్రకాశం గురించి కన్న కలలాంటిది మళ్లీ కనలేదు. స్వార్థం అంటే స్వార్థమే, కానీ ఆ ఇంట్లో ఆమె గురించి ఇంకెవరైనా ఆలోచించారా?

కృష్ణాతీరం:
ఇందిర నచ్చితే వాసిరెడ్డి సీతాదేవిగారి ‘మట్టిమనిషి’ చదవండి. అందులో వరూధిని పట్నం మోజులో మామ సాంబయ్య చెమటోడ్చి కూడబెట్టిన భూమిని కరిగించేస్తుంది. ఇద్దరికీ సుఖంగా బతకాలని ఉంటుంది. ఇందిర తన సంపాదన మీద ఆ సుఖం కోరుకుంది, వరూధిని ఇంకొకరి కష్టం మీద కోరుకుంది. ఈ తేడా చూశాక నేను ఇందిరని ఆ మాట అనలేను. ఇంకోటి, దయానిధి గురించి మీరన్నది నేను ఒప్పుకోను. వాళ్ల అమ్మ గురించి ఊరు అనుకునే మాటలు అతన్ని ఎంత దూరం వెంటాడతాయో గమనించండి. ఆ ఆడవాళ్లని అతను సరిగా చూడలేకపోవడమే కథ. వెంటనే కాకుండా కొన్నేళ్లాగి మళ్లీ తీయండి, ఇరవైల్లో నాకూ ఎక్కలేదు.

అటకమీది పుస్తకం:
అందరికీ థాంక్సండీ. ప్రకాశం గురించి విశాఖవాసిగారు అన్నది నిజం, నేను అతని మీద కోపం తెచ్చుకోవడమే మర్చిపోయాను. కల్యాణి భాగాలు మళ్లీ చదువుతున్నాను. ‘మట్టిమనిషి’ లైబ్రరీలో అడిగాను, ఎవరో తీసుకెళ్లారట, శనివారం రమ్మన్నారు.

నిన్న పెద్దమ్మకి ఫోన్ చేసి ఆ పెన్సిల్ గీతలు ఎవరివని అడిగాను. ‘నావే, అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు’ అంది. ఇంకేం చెప్పలేదు. కాసేపాగి, నువ్వు చదవడం అయిపోతే ఆ పుస్తకం పంపించు అంది.