టెరాఫామ్ మూవ్‌లు టూల్‌కి వదిలేయొచ్చా?

గోదారిగట్టు: మా టీమ్‌లో రెండు రోజులుగా ఇదే గొడవ. క్లౌడ్ వనరుల్ని కోడ్‌తో నడిపే టెరాఫామ్‌లో, నెట్‌వర్క్ కోడ్‌లోని కౌంట్ (వనరుల్ని ఇండెక్స్ నంబర్లతో గుర్తించేది) తీసేసి ఫర్-ఈచ్ (పేర్లతో గుర్తించేది) పెడుతున్నాం. ప్లాన్ (ఏం మారుతుందో ముందే చూపే కమాండ్) కొడితే సబ్‌నెట్లన్నీ (నెట్‌వర్క్‌లోని భాగాలు) డిస్ట్రాయ్, మళ్లీ క్రియేట్ అంటోంది. టీఎఫ్‌ఆటోమూవ్ అనే టూల్ నడిపితే సగం వాటికే మూవ్డ్ బ్లాకులు (పాత పేరు ఇప్పుడు ఈ కొత్త పేరు అని చెప్పే కోడ్) రాసింది. మిగతావి చేత్తో రాయాలా? అసలు దీన్ని నమ్మొచ్చా?

పాతకాపు: అన్నీ చేత్తోనే రాయండి. స్టేట్ ఎంవీ (టెరాఫామ్ తన వనరుల రికార్డు ఉంచే స్టేట్‌లో పేర్లు మార్చే కమాండ్) రోజుల్లో ఎవరు తమ ల్యాప్‌టాప్‌లో ఏం కొట్టారో తెలిసేది కాదు. టెరాఫామ్ 1.1లో మూవ్డ్ బ్లాకులు వచ్చాక మార్పు కోడ్‌లోనే ఉంటోంది, రివ్యూలో చదవొచ్చు. టూల్ కుమ్మరించిన వందల లైన్లు ఎవరు చదువుతారు?

సీత_ఇన్‌ఫ్రా: టూల్ రాసినా అవీ మూవ్డ్ బ్లాకులే కదండీ. అది చేసేదల్లా ప్లాన్‌లో పోయేవాటినీ కొత్తగా వచ్చేవాటినీ పోల్చడం. అట్రిబ్యూట్లు (వాటి సెట్టింగులు) సరిపోతే జత కడుతుంది. సగం కలవలేదంటే అదే పీఆర్‌లో (రివ్యూకి పంపే కోడ్ మార్పు) మీరు ఇంకేదో మార్చి ఉంటారు. వెర్బోస్ (వివరంగా చూపే ఆప్షన్) పెంచి నడపండి, ఎక్కడ తేడా వచ్చిందో చూపిస్తుంది.

గోదారిగట్టు: నిజమే, కొన్నింటికి ఓనర్ ట్యాగు చేర్చాం. ట్యాగుల్ని టూల్ ఇగ్నోర్‌లో (పోల్చేటప్పుడు పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్) పెడితే సరిపోతుందిగా?

పాతకాపు: ఆ పని మాత్రం చేయకండి! లాగ్స్ కోసం ఉన్న కేఎంఎస్ కీ (క్లౌడ్‌లో ఎన్‌క్రిప్షన్ కీ) తీసేసి, బిల్లుల బకెట్‌కి (క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు) కొత్త కీ పెడుతున్నారనుకోండి. డిస్క్రిప్షన్, ట్యాగులు తప్ప రెంటికీ తేడా లేదు. వాటిని ఇగ్నోర్ చేస్తే టూల్ ఆ రెండూ ఒకటే అనుకుని మూవ్ రాసేస్తుంది. ప్లాన్‌లో డిస్ట్రాయ్ సున్నా, చిన్న చేంజ్ ఒక్కటే. చూసినవాళ్లు హమ్మయ్య అనుకుని అప్లై కొడతారు. బిల్లులు పాత లాగ్స్ కీతోనే ఎన్‌క్రిప్ట్ అవుతుంటాయి.

సీత_ఇన్‌ఫ్రా: ఇది ఒప్పుకుంటాను. కానీ తప్పు టూల్‌ది కాదు, ఇగ్నోర్‌ది. చేత్తో రాస్తే ఇండెక్స్ సున్నా, ఒకటి తారుమారవడం ఇంకా తేలిక. ట్యాగు మార్పు వేరే పీఆర్‌లో పెట్టండి. రీఫ్యాక్టర్ (పని మారకుండా కోడ్ సర్దడం) ప్లాన్‌లో యాడ్, చేంజ్, డిస్ట్రాయ్ మూడూ సున్నా రావాలి. ఒక్క చేంజ్ ఉన్నా మెర్జ్ వద్దు.

పాతకాపు: మూడు సున్నాల రూల్‌కి నాదీ ఓటు. అయినా రాండమ్ ఐడీలు (టెరాఫామ్ తయారుచేసే యాదృచ్ఛిక ఐడీలు) అచ్చు ఒకేలా నాలుగుంటే టూల్ చేతులెత్తేస్తుంది. స్టేట్ చూసి మనమే రాసుకోవాలి. వేరే స్టేట్ ఫైల్‌కి పంపాలంటే మూవ్డ్ పనికే రాదు, ఇక్కడ రిమూవ్డ్ (స్టేట్‌లోంచి తీసే బ్లాక్), అక్కడ ఇంపోర్ట్ (స్టేట్‌లో చేర్చుకునేది).

గోదారిగట్టు: ట్యాగుల కమిట్ పక్కన పెట్టి, ఇగ్నోర్ లేకుండా నడిపాను. సబ్‌నెట్లన్నీ కలిశాయి. మిగిలినవి రాండమ్ ఐడీలే, అవి చేత్తో రాస్తున్నా.