వేరే కంపెనీ డిస్కులతో రెయిడ్ పెంచొచ్చా? 4 టీబీవి నాలుగు ఉన్నాయి, ఇంకో రెండు వేయాలి

తెనాలి_ఎడిటింగ్:

అందరికీ నమస్కారం అండి. తెనాలిలో పెళ్లి వీడియోలు చేసే స్టూడియోలో సిస్టమ్స్ అన్నీ నేనే చూసుకుంటాను. మా దగ్గర ఆరు బేలు (డిస్కులు పెట్టే అరలు) ఉన్న టవర్ సర్వర్ ఉంది. ఉబుంటు 16.04 రోజుల్లో కట్టింది, తర్వాత అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చాం. లైనక్స్‌లోని ఎండీఆడమ్ సాఫ్ట్‌వేర్‌తో రెయిడ్ 5 (డిస్కుల్ని ఒకటిగా కలిపే పద్ధతి, ఒకటి పోయినా డేటా ఉంటుంది), నాలుగూ డబ్ల్యూడీ రెడ్ 4 టీబీ (డబ్ల్యూడీ40ఈఎఫ్ఆర్ఎక్స్), పైన ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. ఓఎస్ వేరే ఎస్ఎస్‌డీ మీద ఉంది. వాడుకునే చోటు 12 టీబీ, అందులో తొంభై శాతం నిండిపోయింది. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే ఒక్కో పెళ్లికి అర టీబీ ఫుటేజ్ వచ్చి పడుతుంది.

ఆ మోడల్ ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు. విజయవాడలో డీలర్ మూడు చూపించాడు. డబ్ల్యూడీ రెడ్‌లోనే ఈఎఫ్ఏఎక్స్ అని పాత స్టాకు, సీగేట్ ఐరన్‌వుల్ఫ్, తోషిబా ఎన్300. అన్నీ 4 టీబీలే. "రెయిడ్‌లో కంపెనీలు కలపకూడదు, డబ్ల్యూడీయే రెండు తీసుకోండి" అంటున్నాడు. ధర కూడా దానిదే తక్కువ. మా ఓనర్ గారూ అటే మొగ్గుతున్నారు. కొనేముందు తెలిసినవాళ్లు ఒక మాట చెబుతారని అడుగుతున్నాను. వేరే కంపెనీది వేస్తే నిజంగా ఇబ్బందా?

పాత_ర్యాక్:

తమ్ముడూ, ఆ మూడింట్లో వద్దు అనాల్సింది ఒక్క ఆ డబ్ల్యూడీయే. సీగేట్ అయినా తోషిబా అయినా నిశ్చింతగా వేసుకో.

కంపెనీ పేరు కాదు, లేబుల్ మీద మోడల్ నంబర్ చూడాలి. మీ దగ్గరున్న ఈఎఫ్ఆర్ఎక్స్ సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండే) డిస్క్. ఈఎఫ్ఏఎక్స్ 4 టీబీ మాత్రం ఎస్ఎంఆర్. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు ఇంకో పెంకు మీదకి ఎక్కినట్టు ఇందులో ట్రాకులు ఒకదానిమీదకి ఒకటి ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒక ట్రాకు మార్చాలంటే ఆ వరసలో దాని తర్వాతవన్నీ మళ్లీ రాయాలి. అందుకని డిస్క్ ముందు కొంత చోటులో గబగబా రాసిపెట్టుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. అడపాదడపా ఫైళ్లు కాపీ చేసుకుంటే తేడా తెలియదు. రెయిడ్ పెంచేటప్పుడో, రీబిల్డ్ (పోయిన డిస్క్ బదులు కొత్తదాన్ని నింపడం) అప్పుడో గంటల తరబడి ఆపకుండా రాత సాగుతుంది కదా, అప్పుడు దానికి ఖాళీ ఎక్కడిది? సర్దుకోవడానికి ఆగిపోతుంది. ఒక్కోసారి ఎంతసేపు ఆగుతుందంటే, అర్రే (రెయిడ్‌లో కలిసిన డిస్కుల గుంపు) దాన్ని పాడైన డిస్క్ అనుకుని బయటకి తోసేస్తుంది. రెడ్ సిరీస్‌లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఎస్ఎంఆర్ అని 2020లో కంపెనీయే ఒప్పుకుంది. ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. చేతిలో ఉన్న డిస్క్ మీద అనుమానం ఉంటే స్మార్ట్‌సీటీఎల్ (డిస్క్ వివరాలు చూపించే కమాండ్) కొట్టి చూడు. తిరిగే డిస్కుకి ట్రిమ్ (మామూలుగా ఎస్ఎస్‌డీలకి ఉండే కమాండ్) ఉందని చూపిస్తే అది దాదాపుగా ఎస్ఎంఆరే.

ఇక సైజు. వేర్వేరు కంపెనీల 4 టీబీల్లో ఒకటి నాలుగు సెక్టార్లు (డిస్క్‌లో డేటా రాసే చిన్న ముక్కలు) తక్కువ ఉంటే అర్రే దాన్ని తీసుకోదు. ఒకప్పుడు ఈ బాధ బాగా ఉండేది. ఇప్పుడు కంపెనీలన్నీ ఒకే లెక్క పాటిస్తున్నాయి, 4 టీబీ అంటే 7,814,037,168 సెక్టార్లు. స్మార్ట్‌సీటీఎల్‌లో యూజర్ కెపాసిటీ దగ్గర 4,000,787,030,016 బైట్లు అని పాతదానికీ కొత్తదానికీ అంకె అంకె సరిపోతే చాలు.

స్పీడు గురించి పెద్దగా ఆలోచించకు. ఎన్300 నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది, మీ రెడ్‌లు అంతకన్నా నెమ్మది. మొత్తం అర్రే నెమ్మదిదాని వేగంతోనే నడుస్తుంది, అంతే. ఎన్300 కాస్త ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ఫ్యాన్ గాలి బాగా తగిలే బేలో పెట్టు.

కొన్నాక మాత్రం ఒకటి తప్పకుండా చూడు, ఎర్రర్ రికవరీ టైమ్. నాస్ డిస్క్ (ఇలా ఎప్పుడూ నడిచే స్టోరేజ్ కోసం చేసింది) ఒక సెక్టార్ చదవలేకపోతే 7 సెకన్లలో చేతులెత్తేస్తుంది, మిగతా డిస్కుల నుంచి ఆ ముక్కని రెయిడ్ తెచ్చుకుంటుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్క్ అయితే నిమిషం పైన కూడా పెనుగులాడుతుంది. లైనక్స్ 30 సెకన్లకి మించి ఆగదు, డిస్క్‌ని రీసెట్ చేస్తుంది, అర్రేలోంచి అది ఊడుతుంది. స్మార్ట్‌సీటీఎల్‌లో ఎస్‌సీటీ ఈఆర్‌సీ దగ్గర చదవడానికీ రాయడానికీ 70 అని ఉండాలి (అంటే 7 సెకన్లు). సపోర్ట్ లేదని వస్తే ఆ డిస్కుకి కెర్నెల్ టైమౌట్‌ని 180 చేసి, బూట్ అయిన ప్రతిసారీ అదే పడేలా స్క్రిప్టులో పెట్టు.

కొండాపూర్_నైట్‌షిఫ్ట్:

పాత_ర్యాక్ గారూ, నేను కొంచెం అడ్డు చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. మా డేటా సెంటర్‌లో ఇలా కలపడానికి అస్సలు ఒప్పుకోరు. హార్డ్‌వేర్ రెయిడ్ కంట్రోలర్లు చాలావరకు ఎస్ఏఎస్, సాటా (డిస్క్‌ని తగిలించే రెండు రకాల కనెక్షన్లు) డిస్కుల్ని ఒకే గ్రూపులో పెట్టనివ్వవు. 512 బైట్ల సెక్టార్ డిస్కుల మధ్యలో 4కే నేటివ్ (సెక్టార్ 4096 బైట్లుండేది) పెడితే అసలు తీసుకోవు. కొన్ని సర్వర్లలో ఆ సర్వర్ కంపెనీ ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలి ప్రోగ్రామ్) లేని డిస్క్ పెడితే పసుపు లైటు వెలుగుతుంది, ఫ్యాన్లు ఫుల్ స్పీడుకి వెళ్తాయి. సపోర్ట్ కాంట్రాక్ట్ ఉంటే కేసు కూడా తీసుకోరు. మాకు అదే పార్ట్ నంబర్ ఉండాల్సిందే.

పాత_ర్యాక్:

మీరన్నది నిజమే. కాంట్రాక్ట్‌లో ఉన్న సర్వర్‌కి మీ పద్ధతే కరెక్ట్. ఈ తమ్ముడిది ఎండీఆడమ్, మధ్యలో కంట్రోలర్ లేదు. అన్నీ సాటా, అన్నీ 512ఈ (బయటికి 512 బైట్ల సెక్టార్లుగా కనిపించే) రకం. ఆ గొడవలేవీ ఇక్కడికి రావు.

అయితే ఒకే పార్ట్ నంబర్ అయితే భద్రం అన్న నమ్మకం మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. 2019 నవంబర్‌లో సర్వర్లు చేసే హెచ్‌పీఈ ఒక హెచ్చరిక ఇచ్చింది, గుర్తుందా? కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీ మోడళ్లు ఫర్మ్‌వేర్ లోపం వల్ల 32,768 గంటలు నడిచాక ఆగిపోతాయని, లోపలి డేటా తిరిగి రాదని. అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు ఆన్ చేసిన డిస్కులు దాదాపు ఒకేసారి పోతాయి. అలాంటప్పుడు రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 ఉన్నా దండగే. కంపెనీలు కలిసి ఉంటే ఒక ఫర్మ్‌వేర్ తప్పు అన్నిటినీ ఒకేసారి పడగొట్టదు. అందుకే తమ్ముడూ, రెండూ ఒకే రకం కాకుండా ఐరన్‌వుల్ఫ్ ఒకటి, ఎన్300 ఒకటి తీసుకోమంటాను.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆరు డిస్కులతో రెయిడ్ 5లోనే ఉంటే 20 టీబీ వస్తుంది, కానీ ఒక్కటి పోతే మిగతా ఐదూ మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా చదవాలి. ఇప్పటికే పాతబడ్డ నాలుగు డిస్కుల మీద అంత భారం వద్దు. రెయిడ్ 6కి మారు. 16 టీబీ వస్తుంది, రెండు పోయినా తట్టుకుంటుంది. పైగా 16.04 రోజుల్లో కట్టిందన్నావు కాబట్టి నీ ఈఎక్స్‌టీ4లో 64బిట్ ఫీచర్ ఉండకపోవచ్చు. అది లేకపోతే 16 టిబీబైట్లు, అంటే సుమారు 17.6 టీబీ దాటి పెరగదు. 20 టీబీ చేశాక అక్కడ ఆగిపోతావు. డంప్ఈ2ఎఫ్ఎస్ కమాండ్‌తో ఫీచర్ల లైన్ చూసి చెప్పు. పాత నాలుగు డిస్కుల్లో స్మార్ట్‌సీటీఎల్ చూపించే 197వ నంబరు, పెండింగ్ సెక్టార్లు (డిస్క్ చదవలేక అనుమానంలో పెట్టినవి), ఎంత ఉన్నాయో కూడా చూడు.

తెనాలి_ఎడిటింగ్:

చాలా థాంక్స్ అన్నా. డీలర్‌కి ఫోన్ చేసి ఐరన్‌వుల్ఫ్ ఒకటి, ఎన్300 ఒకటి చెప్పాను. ఫీచర్ల లైన్‌లో 64బిట్ లేదు, మీరన్నట్టే. పెండింగ్ సెక్టార్లు మూడు డిస్కుల్లో సున్నా, మూడో బేలో ఉన్నదానికి 8 అని వస్తోంది. అది వాడొచ్చా? ఇంకోటి, బ్యాకప్ గురించి అడిగితే ఓనర్ గారు "రెయిడ్ ఉందిగా" అంటున్నారు.

కొండాపూర్_నైట్‌షిఫ్ట్:

8 ఉన్న డిస్క్‌తో రీషేప్ (ఉన్న డేటాని కొత్త డిస్కులతో కలిపి మళ్లీ సర్దడం) మొదలుపెట్టకండి. ముందు అర్రేకి చెక్ నడపండి. చదవలేని సెక్టార్ వస్తే ఎండీ (లైనక్స్ రెయిడ్) మిగతావాటి నుంచి లెక్కగట్టి తిరిగి రాస్తుంది. ఆ తర్వాత కూడా 197 సున్నాకి రాకపోయినా, 5వ నంబరు (పాడై మార్చేసిన సెక్టార్లు) పెరుగుతున్నా ఆ డిస్క్‌ని మార్చాల్సిందే. డిస్కులకి లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్‌కి బూట్‌కి మారతాయి, వాటిని నమ్మి డిస్క్ లాగకండి. ప్రతి ట్రే మీద సీరియల్ నంబర్ చివరి నాలుగు అంకెలు స్టిక్కర్ అంటించండి.

పాత_ర్యాక్:

ఓనర్ గారికి నా మాటగా చెప్పు. కరెంటు దెబ్బ కొట్టినా, ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేసినా ఆరు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. రెయిడ్ దాన్ని ఆపలేదు. సినిమా అయితే మళ్లీ తీస్తారు, తాళి కట్టే క్షణం మళ్లీ తీయలేం. ఆ కుటుంబాలు మిమ్మల్ని నమ్మి ఇచ్చిన పని అది. 12 టీబీ పైన ఉన్న ఎక్స్‌టర్నల్ ఒకటి కొని మొత్తం కాపీ చేసి, నాలుగు వీడియోలు దానిమీంచి తెరిచి చూశాకే సర్వర్ మీద చెయ్యి వెయ్యి. సీజన్ అయ్యాక అదే ఆర్కైవ్‌గా ఇంట్లో పెట్టుకోవచ్చు.

కొత్త డిస్కులు రెండిటికీ ముందు స్మార్ట్ లాంగ్ టెస్ట్ (డిస్క్ తనని తాను మొత్తం చదివి చూసుకునే పరీక్ష) పెట్టు. బాగుంటే అర్రేకి యాడ్ చేసి, ఒకే గ్రో కమాండ్‌లో లెవెల్ 6, డిస్కులు 6 అని ఇవ్వు. బ్యాకప్ ఫైల్ అడిగితే ఓఎస్ ఉన్న ఎస్ఎస్‌డీ మీద పెట్టు, ఈ అర్రే మీద కాదు. సెకనుకి 40 ఎంబీ నడిచినా ఒక్కో డిస్కు 4 టీబీకి 28 గంటలు పడుతుంది, మధ్యలో ఎడిటింగ్ చేస్తే ఇంకా లాగుతుంది. కరెంటు పోయినా రీషేప్ ఆగినచోటి నుంచి మొదలవుతుంది కానీ దాన్ని పరీక్షించొద్దు. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకో, జనరేటర్ ఉంటే డీజిల్ పోయించి పెట్టు. అర్రే స్థితి చూపించే ఎండీస్టాట్‌లో రీషేప్ పూర్తయిందని వచ్చాకే రీసైజ్2ఎఫ్ఎస్ (ఫైల్ సిస్టమ్‌ని పెంచే కమాండ్). చివరగా ఎండీఆడమ్ కాన్ఫిగ్ ఫైల్ సరిచేసి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే ఫైలు) అప్‌డేట్ చేసి, ఒకసారి రీబూట్ చేసి అర్రే ఆరు డిస్కులతో లేచిందో లేదో చూడు. మూడో బే డిస్క్ 197 చెక్ తర్వాత ఎంతకి వచ్చిందో ఇక్కడ రాయి. అది చూశాకే మొదలుపెడదాం.