పింఛను తీసుకునేవాళ్లతో ఊరి పని చేయించాలా?

గోదావరి గట్టు:
మా ఊళ్లో నాట్లకు మనుషులు దొరకడం లేదు. అడిగితే "పింఛను వస్తోంది, రేషన్ బియ్యం వస్తున్నాయి, ఇంకెందుకు" అంటున్నారు. పథకాలు తీసేయమని నేను అనను. డబ్బు తీసుకునే ప్రతి ఇంటి నుంచీ ఒకరు నెలకు కొన్ని రోజులు కాలువ పూడిక తీయడమో, బడి ఆవరణ శుభ్రం చేయడమో చేయాలి. పన్ను కట్టేవాడి సొమ్ముకు లెక్క ఉండక్కర్లేదా?

పాలమూరు బిడ్డ:
ఆంధ్రలో 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా పింఛను కింద నెలకు 4000 తీసుకుంటున్నది ఎక్కువగా ముసలివాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు. ఏళ్ల తరబడి మన పొలాల్లోనే నాట్లు వేసి నడుము పోగొట్టుకున్నారు. ఇంకేం చేయిస్తారు?

ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు పని చేసే డబ్బు తీసుకున్నారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం అడిగిన ఇంటికి ఏడాదికి 100 రోజుల పని ఇచ్చింది. 2006లో అది మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. మా అమ్మ ఆ పనికి వెళ్లింది. వేసవిలో తెల్లారేసరికే గడ్డపార, తట్ట పట్టుకుని చెరువులో ఉండాలి. మేట్, అంటే కూలీల మీద ఉండే మేస్త్రీ, ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేక ఎక్కకపోతే ఆ రోజు హాజరు పోయినట్టే. ఆ పైన గుంత పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచి కూలి కడతారు. గట్టి నేల తగిలితే చేతులు బొబ్బలెక్కినా కూలి తక్కువే, అదీ వారాల తరబడి పడదు. దీన్ని ఊరికే తినడం అంటే కడుపు మండుతుంది.

కరువు సాయం పేరుతో కనీస వేతనం ఇవ్వకుండా రోడ్డు పని చేయించినందుకు రాజస్థాన్ ప్రభుత్వాన్ని 1983లోనే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందకే వస్తుందని చెప్పింది. వెట్టి అంటే ఏమిటో మా తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లను అడగండి.

గోదావరి గట్టు:
సరే, వచ్చే డబ్బుకు కనీస వేతనం లెక్కన ఎన్ని రోజులవుతాయో అన్ని రోజులే పని అడగండి. అప్పుడు వెట్టి కాదు కదా?

తెనాలి టీచర్:
అలాగైనా నేను ఒప్పుకోనండి. మీరు చెప్పిన పనులు చాలా ఊళ్లలో పంచాయతీ పారిశుధ్య కార్మికులు చేస్తున్నారు. పింఛనుదార్లు అదే పని చేసిపెడితే వాళ్లను ఎవరు ఉంచుకుంటారు? నాట్లకు మనుషులు కావాలంటే కూలి పెంచాలి.

తెలంగాణలో 2018లో రైతుబంధు ఎకరాకు సీజనుకు 4000 చొప్పున ఇచ్చారు. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు, భూమి కౌలుకిచ్చి పట్నంలో ఉన్నవాళ్లకూ పడ్డాయి. వాళ్లను పార పట్టమని ఎవరూ అడగలేదు. సొమ్ముకు లెక్క కావాలంటే ముందు ఆ జాబితా తీయండి, పింఛన్ల సంగతి తర్వాత మాట్లాడదాం.