తెలుగు మీడియం వాడికి ఎస్పెరాంటో నిజంగా తేలికేనా?

మందులకొట్టు_ఖమ్మం

అందరికీ నమస్తే. నాకు 47 ఏళ్లు, ఖమ్మంలో మెడికల్ షాపు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడమంటే ఇప్పటికీ నోరు పెగలదు. పోయినేడాది మా అమ్మాయి ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్లే ముందు జర్మన్ నేర్చుకుంటుంటే, రాత్రి షాపు కట్టేసి వచ్చి నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. రెండు నెలలు గట్టిగానే పట్టుకున్నాను. కానీ ఆ భాషలో చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, చాకు నపుంసకలింగం. ఎందుకూ అంటే కారణం లేదు, బట్టీ పట్టాల్సిందే. వదిలేశాను. అయినా ఆ రెండు నెలలు మనసుకి ఎంత బాగున్నాయో చెప్పలేను, అందుకే ఒక్క పరభాషైనా తడుముకోకుండా మాట్లాడాలన్న కోరిక పోలేదు.

వేర్వేరు భాషలవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికని కావాలని తయారుచేసిన భాష ఎస్పెరాంటో, అది చాలా తేలికని ఎక్కడ చూసినా రాస్తున్నారు. రాసేవాళ్లు ఎక్కువగా యూరప్, అమెరికా వాళ్లే. వాళ్లకి తేలికైతే మనకీ తేలికవుతుందా? రోజుకి గంట కేటాయించగలను. నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

హన్మకొండ_చెట్టునీడ

అన్నా, నేను నాలుగేళ్ల క్రితం మొదలుపెట్టాను. తేలికే. ఇంకా చెప్పాలంటే, ఇంగ్లీషు వాళ్లు తల పట్టుకునే చోట మనకి ఇంకా తేలిక. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కర్మకి చివర ‘న్’ చేర్చాలి. ‘లా కాతో కాప్తాస్ మూసోన్’ అంటే పిల్లి ఎలుకను పట్టుకుంటోంది. కాతో పిల్లి, మూసో ఎలుక, ఆ చివరి ‘న్’ మన ‘ను’. తిప్పి ‘మూసోన్ కాప్తాస్ లా కాతో’ అన్నా పట్టేది పిల్లే, ఎలుకను పట్టుకుంటోంది పిల్లి అని మనం అన్నట్టే. ఇంగ్లీషులో ఈ తిప్పడం కుదరదు కాబట్టి వాళ్లు ఈ ‘న్’ దగ్గరే నెలల తరబడి ఆగిపోతారు, నాకైతే అర్థం కావడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఇంకోటి. ‘కీయే’ అంటే ఎక్కడ, ‘తీయే’ అంటే అక్కడ. ‘కీయామ్’ ఎప్పుడు, ‘తీయామ్’ అప్పుడు. ‘కీయేల్’ ఎలా, ‘తీయేల్’ అలా. ఇట్లా మొత్తం 45 మాటలు ఒకే పట్టికలో ఇమిడిపోతాయి. మనం చిన్నప్పటి నుంచి ఎక్కడ అక్కడ, ఎప్పుడు అప్పుడు అంటూ పెరిగినవాళ్లం. ఆ పట్టిక చూసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో!

ఉచ్చారణ కూడా రాసినట్టే చదవడం, ఒక అక్షరానికి ఒకటే ధ్వని. ‘సి’ అక్షరాన్ని ‘చాప’లో చ లాగా పలకాలి, అదే ‘సి’ మీద టోపీ గుర్తుంటే ‘చేప’లో చ. చాపకీ చేపకీ తేడా తెలిసిన నోటికి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక కష్టాలు. మొదటిది, మాటలు మనవి కావు. చాలావరకు లాటిన్, ఫ్రెంచి, జర్మన్‌ల నుంచి వచ్చినవే. ‘బిర్దో’ పక్షి అంటే ఇంగ్లీషు గుర్తొస్తుంది గానీ, ‘తాగో’ అంటే పగలు అని ఎక్కడ గుర్తుపడతాం? మీరు జర్మన్ రెండు నెలలు చదివారు కదా, మీకది పనికొస్తుంది. రెండోది సర్వనామాలు. ‘మీ’ అంటే నేను, ‘నీ’ అంటే మేము! మొదటి నెల నాకు బుర్ర తిరిగిపోయింది. పైగా మనం, మేము అన్న తేడా లేదు, రెండూ ‘నీ’నే. నువ్వు, మీరు అన్న తేడా కూడా లేదు, అమ్మమ్మనైనా చిన్నపిల్లాణ్ణయినా ‘వీ’ అనే పిలవాలి, పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు ఇప్పటికీ లోపల ఇబ్బందిగానే ఉంటుంది.

రోజుకి గంటంటే ఆర్నెల్లలో మామూలు వ్యాసాలు చదువుతారు. మాట్లాడ్డం మాత్రం మాట్లాడితేనే వస్తుంది.

కావలి_రైలుగేటు

పై తమ్ముడు రాసినదాంట్లో తప్పులేదు, కానీ తేలికైన రెండో భాషే కావాలంటే ఎదురుగా కన్నడం ఉంది కదండీ. లిపి సగం మనదే, వాక్యం కట్టే తీరు మనదే, మాటలు బోలెడు కలుస్తాయి. నేను బళ్లారిలో ఏడాదిన్నర ఉద్యోగం చేసి కూరగాయల బజారులోనే నేర్చుకున్నాను, పుస్తకం పట్టలేదు. పొద్దున లేచి గడప దాటితే మాట్లాడే మనిషి ఉండాలి, లేకపోతే ఎంత తేలికైన భాషైనా నిలవదని నా అనుభవం. ఖమ్మంలో ఎస్పెరాంటో ఎవరితో మాట్లాడతారు? ఈ సంగతి ముందే ఆలోచించుకుని దిగండి.

విశ్రాంత_టీచరమ్మ

కావలి గారి మాట నిజమే, ఉద్యోగానికీ వ్యాపారానికీ ఇది అక్కరకు రాదు, అది తెలిసే నేర్చుకోవాలి. కానీ దీన్ని పుట్టించిన పని వేరు. దీన్ని తయారుచేసిన జామెన్‌హోఫ్ పెరిగిన బియాలిస్తోక్ ఊళ్లో (ఇప్పుడు పోలండ్, అప్పుడు రష్యా సామ్రాజ్యం) యూదులు, పోలిష్ వాళ్లు, రష్యన్లు, జర్మన్లు ఎవరి భాష వాళ్లు పట్టుకుని ఒకరినొకరు శత్రువుల్లా చూసుకునేవాళ్లు. ఎవరిదీ కాని భాష ఒకటుంటే ఎవరూ ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదని ఆ కంటి డాక్టరు 1887లో వార్సాలో చిన్న పుస్తకం అచ్చేశాడు. 16 సూత్రాల వ్యాకరణం, అంతే. హిట్లర్‌కీ స్టాలిన్‌కీ ఈ భాష కంటగింపు అయింది. ఆయన పిల్లలు ముగ్గుర్నీ నాజీలు పొట్టన పెట్టుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ఇంగ్లీషులో నోరు పెగలదన్నారే తమ్ముడూ, ఆ భయం దీంట్లో ఉండదు. అవతలివాళ్లు కూడా నేర్చుకునే వచ్చారు కాబట్టి ఎవరూ నవ్వరు. పుట్టుకతో మాట్లాడేవాళ్లు లేకపోలేదు, ఎస్పెరాంటో వల్ల కలిసి పెళ్లి చేసుకున్నవాళ్ల పిల్లలు, కానీ బహు తక్కువ. నేను రిటైరయ్యాక మొదలుపెట్టి, జపాన్‌లో ఒకావిడతో వారానికోసారి వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాను. మొన్న ఆవకాయ గురించి అడిగితే ముప్పావుగంట చెప్పాను. ఆవపిండి మాట తెలియక, ఆవాలు, పిండి అని రెండు మాటలు అతికించేశాను, ఆవిడకి వెంటనే అర్థమైంది! ఈ భాషలో అదే గొప్ప. ‘సానా’ ఆరోగ్యంగా ఉన్న, ‘మాల్‌సానా’ జబ్బుగా ఉన్న, ‘మాల్‌సానూలో’ రోగి, ‘మాల్‌సానులేయో’ ఆస్పత్రి. ఒక్క మాట తెలిస్తే మిగతావి మనమే కట్టుకోవచ్చు.

మన దగ్గర ఎవరూ లేరనీ అనుకోకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చాలా ఏళ్లు భాషాశాస్త్రం చెప్పిన ప్రబాల్ దాస్‌గుప్తా గారు 2007 నుంచి 2013 దాకా ప్రపంచ ఎస్పెరాంటో సంఘానికి అధ్యక్షులు. ‘పస్పోర్తా సేర్వో’ అని ఒకటుంది, ఊరు కాని ఊరెళ్తే ఎస్పెరాంటో వచ్చినవాళ్లు ఇంట్లో ఊరికే ఉండనిస్తారు. మీ అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూడండి.

మందులకొట్టు_ఖమ్మం

అందరికీ ధన్యవాదాలు. కావలి గారూ, కన్నడం సంగతి గుర్తుంచుకుంటాను, కానీ టీచరమ్మ గారు రాసిన ‘ఎవరూ నవ్వరు’ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. నిన్న రాత్రే మొదలుపెట్టాను. డ్యుయోలింగో యాప్‌లో ఇంగ్లీషు నుంచే నేర్చుకోవాలి కాబట్టి కొంచెం నెమ్మది, ‘లెర్నూ’ వెబ్‌సైటు కూడా తెరిచాను. ‘మాల్‌సానులేయో’ అని మందుల అట్టపెట్టె మీద రాసి కౌంటర్ వెనక పెట్టాను, పొద్దుణ్ణుంచి పదిసార్లు చదివాను. నా సొంత వాక్యం ఒకటి రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి:

మీ లెర్నాస్ ఎస్పెరాంతో. (నేను ఎస్పెరాంటో నేర్చుకుంటున్నాను.)

హన్మకొండ_చెట్టునీడ

‘ఎస్పెరాంతోన్’ అన్నా. మనం ‘పుస్తకం చదివాను’ అంటాం, ప్రాణం లేనివాటికి ‘ని’ వదిలేస్తాం కదా, ఆ అలవాటే ఇక్కడికొచ్చింది. నేనూ చాలా రోజులు ఇదే తప్పు చేశాను. ఎస్పెరాంటో వాళ్లు ‘పుస్తకాన్ని చదివాను’ అన్నట్టే ప్రతిసారీ అంటారు, వదలకూడదు. మిగతా వాక్యమంతా కరెక్టు. రేపు ఇంకోటి పెట్టండి, చూస్తాను.